ఊపిరి తీసుకోని గాయకుడు

ఇప్పటి ఏసీలు మాట్లాడవు. గోడమీద తెల్లగా, మర్యాదగా, కొత్తల్లుడిలా కూర్చుంటాయి. గాలి వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు అది సుఖమే. ఉద్యోగమంతా యంత్రాల సణుగుడు వింటూ బతికిన నాకు మాత్రం ఎవరో అలిగి మాటలు మానేసినట్టు ఉంటుంది.

మా అమ్మమ్మ నన్ను "చల్లగా ఉండు నాయనా" అని దీవించేది. నేను ఆ దీవెనను మరీ అక్షరాలా తీసుకుని ఏసీ మెకానిక్‌నయ్యాను. గుడివాడ దగ్గర పల్లె, పాలిటెక్నిక్ డిప్లొమా, బొంబాయిలో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఖతార్. తొంభైల్లో దోహాలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో ఏసీ సెక్షన్ ఫోర్‌మన్‌గా చేశాను. అప్పటి దోహాకి ఇప్పుడున్న ఎత్తు లేదు. మధ్యాహ్నం దుమ్ము లేచిందంటే సముద్రమూ ఆకాశమూ రోడ్డూ ఒకే రంగులోకి కరిగిపోయేవి. లాబీ అద్దాల వెనక నిలబడి చూస్తే మనం ఏదో పాలగ్లాసు లోపల ఉద్యోగం చేస్తున్నట్టు అనిపించేది. వేడి దేశంలో చలువ అమ్ముకునేవాణ్ణి కాబట్టి నావల్ల అందరూ సుఖంగా ఉండేవారు. నేను మాత్రం ఎప్పుడూ ఏదో ఒక వేడి గదిలోనే ఉండేవాణ్ణి.

ఆ హోటల్ కింది అంతస్తులో ఒక చిన్న హాలు ఉండేది. పుట్టినరోజులూ, కంపెనీ మీటింగులూ అందులో జరిగేవి. దాని గోడ అవతల ఫ్యాన్ రూము. ఆ గదిలో, మనిషి నిటారుగా నడిచి లోపలికి వెళ్ళగలిగేంత ఇనప పెట్టెలో, హాలుకి చల్లగాలి పంపే పెద్ద ఫ్యాను. హోటల్ కట్టిననాటిది. దాన్ని మేమంతా 'తాత' అనేవాళ్ళం. తాత పని బాగానే చేసేవాడు, కానీ పొద్దస్తమానం 'మ్‌మ్‌మ్' అంటూ సణిగేవాడు. హాల్లో ఎవరు మైకు పట్టుకున్నా వెనకాల ఆ సణుగుడు ఉండేది.

ఆ సణుగుడు ఎలాంటిదో ఒక్క ముక్క చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. కరెంటు మీద తిరిగే పెద్ద మోటారు ఏదైనా దాదాపు ఒకే ఎత్తులో మూలుగుతుంది. ఆ ఎత్తును మోటారు కాదు, కరెంటు నిర్ణయిస్తుంది. ఖతార్ కరెంటూ మన కరెంటూ సెకనుకి అటూ ఇటూ ఊగే వేగం ఒకటే. అందుకే చిన్నప్పుడు గుడివాడ ఐసు ఫ్యాక్టరీ గోడకి చెవి ఆనించి విన్న మూలుగే నాకు దోహాలోనూ వినిపించేది. దేశం మారింది గానీ శ్రుతి మారలేదు.

మా చీఫ్ ఇంజినీరు ఈజిప్టు ఆయన. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి, "ఆ మోతని నువ్వు ఆపుతావా, నిన్ను నేను ఆపనా?" అనేవాడు. బేరింగులు మార్చాను. కింద రబ్బరు దిళ్ళు వేశాను. బెల్టులు బిగించి చూశాను, వదులు చేసి చూశాను. తాత మా వైద్యాలన్నీ చేయించుకుని మళ్ళీ 'మ్‌మ్‌మ్' అన్నాడు.

ఫ్యాన్ రూము చూసుకునేది మా సెక్షన్లోనే ఉన్న కరీంనగర్ తమ్ముడు. ఇంటి దగ్గర వాళ్ళందరూ అతను దుబాయ్‌లో ఉన్నాడనే అనుకునేవారు, అతనూ దిద్దడం మానేశాడు. నేను చెమటలు కక్కుతుంటే పక్కన నిలబడి, "ముసలోడన్నా, గులుగుతనే ఉంటడు. నువ్వు ముసలోనివైతె గులుగవా?" అనేవాడు. గులుగుతానని ఇప్పుడు మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

ఆ రోజుల్లోనే లాబీలో పియానో వాయించడానికి ఉక్రెయిన్ నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడో దూరంగా ఎవరో పిలుస్తున్నట్టు తల కొంచెం పక్కకి వంచి ఉండేది. మేం పియానో మేడమ్ అనేవాళ్ళం. ఒకరోజు ఆవిడ నన్ను వెతుక్కుంటూ బేస్‌మెంటులోకి దిగి వచ్చింది.

"మీ చల్లగాలి నా పియానో మీద పడుతోంది. తీగలు వదులైపోతున్నాయి," అంది.

పియానో పాడాలి గానీ పాడవకూడదు కదా. నిచ్చెన వేసుకుని, గాలి వచ్చే జాలీ రెక్కల్ని గోడవైపు తిప్పాను. ఆవిడ కూర్చుని సరిచూసుకుంటూ ఏదో నాలుగు ముక్కలు వాయించింది. హోటల్ పాటలా లేదు. ఒకరు పిలిస్తే ఇంకొకరు దూరం నుంచి పలికినట్టు ఉంది. నిచ్చెన దిగకుండానే అడిగాను, అదేమిటని.

"ఇది పియానోది కాదు, మనుషులు పాడాల్సింది," అంది. "మా మాస్టారు రాశారు. మా ఊరి పక్కన చక్కెర ఫ్యాక్టరీ ఉండేది..."

"మా ఊరి పక్కనా ఉంది!" అన్నాను నిచ్చెన మీంచే.

"అయితే ఆ వాసన మీకు తెలుసు," అని మొదటిసారి నవ్వింది. వాళ్ళది దుంప, మాది చెరకు. వాసన మాత్రం ఒక్కటేనని చాలాసేపు మాట్లాడుకుని తేల్చుకున్నాం. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అద్దెకి తెచ్చుకున్నవే. అందుకని ఇద్దరం జాగ్రత్తగా, విరక్కుండా వాడుకునేవాళ్ళం.

ఆ మాస్టారి కథ నేను ఒక్క రోజులో వినలేదు. జాలీలు తుడిచే నెపంతో లాబీకి వెళ్ళినప్పుడల్లా ఒక్కో ముక్క విన్నాను. ఆ ఏడాది లాబీ జాలీలు మెరిసినంతగా ఎప్పుడూ మెరవలేదు.

ఆ మాస్టారు, మా లెక్కలో పెద్దాయన, ఆయన తండ్రి చర్చిలో పాడేవాడట. కొడుకు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, షిఫ్టు దిగిన కూలీలను పోగేసి పాడించేవాడు. బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్ళ గొంతులు మందంగా, లోతుగా ఉంటాయని ఆయనకి వాళ్ళంటే ప్రత్యేకమైన ప్రేమ. సెలవు రోజున పల్లెలకి నడిచి వెళ్ళి ఆడవాళ్ళ పాటలు వినేవాడు. పాట ఊరికే చెప్పరు కదా, వాళ్ళకి కట్టెలు కొట్టిపెట్టేవాడు. పెద్ద పాటకి పెద్ద మోపు.

వయసులో ఉండగానే, అలా విన్నవాటిని కలిపి నాలుగు వరసల గొంతులకి ఒక పొడుగాటి పాట కట్టాడు. వాద్యాలేవీ లేవు. ఆకురాలే కాలంలో దుంపలు తవ్వి ఇళ్ళకి మళ్ళే ఆడవాళ్ళు, నదిపక్క పల్లంలో, పొగమంచులో నడుస్తుంటారు. ముందున్న మనిషి కనపడదు. అందుకని ఒకరినొకరు పిలుచుకుంటూ నడుస్తారు. పిలుపుకి బదులు, బదులుకి మళ్ళీ పిలుపు. అడుగున మగవాళ్ళు మొదటినుంచి చివరిదాకా ఒకే స్వరం పట్టుకుని ఉంటారు. ఆడవాళ్ళకి ఒడ్డు ఎటుందో తెలియడానికి. ఆ స్వరాన్ని పాడేవాళ్ళు 'ఒడ్డు' అనే పిలిచేవారట.

పాటలకి అనుమతి ఇచ్చే సర్కారు పైవాళ్ళు విని పెదవి విరిచారు. "ఈ మంచు దేనికి? మన జనం దారి తప్పారనా? మంచు తీసేసి ఎండ పెట్టండి," అన్నారు. "నేను మంచులోనే విన్నాను," అన్నాడు పెద్దాయన. అంతే, పాట వేదిక ఎక్కలేదు. ఆయన్ని కూలీల బృందం నుంచి తప్పించి మేడమ్ వాళ్ళ చిన్న ఊళ్ళో పిల్లలకి స్వరాలు నేర్పే పనిలో పెట్టారు. మిగతా జీవితమంతా అక్కడే. మంచి గొంతున్న పిల్ల గానీ పిల్లవాడు గానీ దొరికితే, ఆ పాటలో ఒక వరస కంఠస్థం చేయించేవాడు. ఒకరికి పైది, ఒకరికి కిందది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై తలోదిక్కూ పోయారు. నాలుగు వరసలూ ఒక్కచోట ఎప్పుడూ కలవలేదు.

"అయితే ఆయన తన పాట వినలేదా?"

"తలలో విన్నారు."

"మీకు ఏ వరస వచ్చు?"

"నాలుగూ. చిన్నప్పుడు నాకు స్నేహితులు లేరు, తీరిక బాగా ఉండేది," అంది.

వాళ్ళ పాత పెద్ద దేశం ముక్కలై ఉక్రెయిన్ విడిపోయాక ఆవిడ పనిచేసే సంగీతం బడిలో కొన్నాళ్ళు జీతం బదులు చక్కెర బస్తాలు ఇచ్చారట. అలా తీపి ఎక్కువై ఖతార్ వచ్చింది.

ఆ చలికాలంలో మేడమ్ స్టాఫ్ క్యాంటీన్ తలుపు మీద ఒక కాగితం అంటించింది, పాడాలని ఉన్నవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం చిన్న హాలుకి రండని. మొదటి వారం కేకు ఉందని వచ్చారు. రెండో వారం కేకు లేకపోయినా వచ్చారు. గదులు శుభ్రం చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, కేరళ క్యాషియర్లు, గోవా వెయిటర్లు, లాండ్రీలో పనిచేసే శ్రీలంక వాళ్ళు. ఉక్రెయిన్ మాటల్ని ఎవరి లిపిలో వాళ్ళు రాసుకున్నారు.

బయటినుంచి ఒక్కడే వచ్చాడు, మా కడప డ్రైవరు. దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి బండి నడిపేవాడు. ఆ కుటుంబం ప్రతి శుక్రవారం మా హోటల్‌కి భోజనానికి వచ్చేది. వాళ్ళు తిని లేచేదాకా ఇతను మా ఫ్యాన్ రూములో టీ తాగుతూ, చెక్కభజన పాటలు పాడుకుంటూ కూర్చునేవాడు. ఆ గొంతు గోడ దాటి వినపడి మేడమ్ స్వయంగా వచ్చి పట్టుకుపోయింది. అతని కాగితం మీద తెలుగు అక్షరాలు చూసి, "మా మాటలకి ఉంగరాల జుట్టు వచ్చింది!" అని మురిసిపోయింది.

మగ గొంతుల్లో అతనిదే అందరికంటే లోతైనది. అయినా పెద్దాయన రాసిన 'ఒడ్డు' అతనికీ అందలేదు. "ఇంకా కిందికి, ఇంకా," అని మేడమ్ అరచెయ్యి నేలవైపు దించుతూ ఉండేది.

"మేడమ్, ఇంక దిగితే బేస్‌మెంటే," అనేవాడు మనవాడు. తర్వాత నాతో, "అది మనిసి పాడేది కాదున్నా. ఎద్దు పాడాల," అని తేల్చాడు.

చివరికి ఆ వరస తీసేసింది. "మా దేశంలో ఒక రకం మగవాళ్ళుంటారు, వాళ్ళకి ఆ లోతు ఉంటుంది. ఇక్కడ దొరకరు," అంది. ఒడ్డు లేకుండానే మిగతా మూడు వరసలూ నేర్పింది. వాళ్ళు నేర్చుకున్నారు. ఆశ్చర్యంగా చక్కగా నేర్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నాలు నేను గోడ అవతల తాతకి నూనె పెడుతూ వినేవాణ్ణి. పిలుపులూ బదులు పిలుపులూ గోడలోంచి ఊటలా వచ్చేవి. ఒక్కోసారి పానా చేతిలో పట్టుకుని ఎందుకొచ్చానో మరిచిపోయి నిలబడేవాణ్ణి. మా ఊరి కాలవగట్టూ ఎప్పుడూ చూడని వాళ్ళ నదీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి.

జూన్‌లో మేడమ్‌కి ఇంటినుంచి ఫోను వచ్చింది. పెద్దాయన మంచం పట్టారు. హోటల్ వాళ్ళు సెలవిచ్చారు. శనివారం ప్రయాణం. శుక్రవారం మధ్యాహ్నం పాటని క్యాసెట్‌లోకి ఎక్కించి తనతో తీసుకెళ్ళాలి. ఆ తర్వాత మళ్ళీ ఆ బృందం ఉంటుందో లేదో, వినడానికి పెద్దాయన ఉంటారో లేదో.

విందుల దగ్గర మైకులు చూసుకునే ఫిలిప్పీన్స్ కుర్రాడు క్యాసెట్ రికార్డరు పెడతానన్నాడు, కానీ తాత సణుగుడు టేపులో పడుతుందని ముందే చెప్పాడు. మేడమ్ నా దగ్గరికి వచ్చింది. "ఒక్క గంట తాతని నిద్రపుచ్చగలరా?"

ఇన్నేళ్ళుగా ఆ మోత ఆపమని అందరూ నన్ను తిట్టినవాళ్ళే. ఇంత మర్యాదగా అడిగినవాళ్ళు లేరు. ఆపుతానని మాటిచ్చేశాను. చీఫ్ ఎగిరిపడ్డాడు.

"జూన్‌లో హాలుకి గాలి ఆపుతావా? మజ్నూన్! పిచ్చెక్కిందా?" అని, తన కూతురు మేడమ్ దగ్గరే పియానో నేర్చుకుంటున్న సంగతి గుర్తొచ్చి తగ్గాడు. "నాలుగింటికి పూలవాళ్ళు వస్తారు, సాయంత్రం నిశ్చితార్థం ఉంది. నాలుగింటికి హాలు ఖాళీ. ఖలాస్."

నేను పకడ్బందీగా ఏర్పాటు చేశాను. ఫ్యాను ఆపాక వేడెక్కకూడదని తెల్లవారినప్పటినుంచీ హాలుని ఎంత చల్లబరచగలనో అంత చల్లబరిచాను. మధ్యాహ్నానికి అది హాలులా లేదు, చేపల గోడౌనులా ఉంది. అమ్మాయిలు శాలువాలు కప్పుకున్నారు. కడప డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని, "ఖతార్‌లో సలికి సచ్చినోడు నేనొక్కడే అని మా ఊర్లో సెప్పుకుంటారు," అన్నాడు. బయట సముద్రపు ఉక్క, లోపల ఆ చలి. కిటికీ అద్దాలకి బయటివైపు నీటిపొర పట్టి పాలలా తెల్లబడ్డాయి. రోడ్డు లేదు, సముద్రం లేదు. హాలు చుట్టూ పొగమంచు. మేడమ్ ఒక అద్దాన్ని అరచేత్తో తుడిచి చూసింది, మంచు పోలేదు.

నేను ఫ్యాన్ రూములోకి వెళ్ళి స్విచ్చి తిప్పాను. తాత ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయాడు. కరీంనగర్ తమ్ముడు చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "చెవుడొచ్చినట్లున్నదన్నా," అన్నాడు. నాకు మాత్రం గర్వంగా ఉంది. హాలు తలుపు దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, కచేరీకి పోషకుడిలా నిలబడ్డాను.

మేడమ్ శ్రుతి చూసుకునే చిన్న ఇనప ఫోర్కు మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఎవరి స్వరం వాళ్ళకి ఇచ్చింది. మొదలుపెట్టారు. మొదటి పిలుపు బాగానే లేచింది. బదులు వచ్చింది. నాలుగో ఐదో పిలుపుకి ఏదో జరిగింది. మనుషులు దిగజారడం నేను చూశాను గానీ పాట దిగజారడం అప్పుడే చూశాను. అందరూ కలిసి జారినా బాగుండేది, ఒక్కొక్కరు ఒక్కో చోటికి జారారు. మేడమ్ ఆపింది. నవ్వింది. మళ్ళీ ఫోర్కు కొట్టింది. ఈసారి ఇంకా ముందే చెదిరింది.

మూడోసారీ అంతే. "ఏమైంది మీకు? పోయిన శుక్రవారం ఎంత బాగా పాడారు!" అంది మేడమ్. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ముందు వరసలో అమ్మాయి ఒకతె ఏడుపు మొదలెట్టింది. హాలు మెల్లగా వెచ్చబడుతోంది, శాలువాలు కుర్చీల మీదికి వచ్చాయి. గోడ గడియారం చూడకూడదని అందరూ దాన్నే చూస్తున్నారు.

నాకు సంగీతం రాదు. కానీ ఎవరైనా తలెత్తి జాలీ వైపు చూస్తే చాలు, ఫిర్యాదు రాబోతోందని నా వెన్ను జలదరిస్తుంది. అది వృత్తిరోగం. నాలుగోసారి పాడుతుండగా చూశాను. పాట చెదిరే చోటికి రాగానే అందరి కళ్ళూ గోడమీది జాలీ వైపు తిరిగాయి. ఒకరిద్దరు కాదు, అందరూ. బస్సు ఎక్కబోతూ, వెంట రావాల్సిన మనిషి వచ్చాడో లేదోనని వెనక్కి చూసినట్టు చూశారు.

పాట ఆగింది. కడప డ్రైవరు నావైపు తిరిగి, "న్నా, తాత యాడికి పాయె?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నేను ఆపింది మోతని కాదని. చలికాలం నుంచీ ఆ హాల్లో, ఆ గోడ పక్కన, తాత సణుగుడు మీదే వాళ్ళు పాట నేర్చుకున్నారు. భజనలో హార్మోనియం పెట్టె వెనక మూలుగుతూ ఉంటుంది చూడండి, అలాగ. ఎవరికీ తెలియకుండానే అందరూ దాన్ని పట్టుకుని నిలబడ్డారు. ఇన్నాళ్ళలో ఆ హాల్లో ఎవరూ తాత గురించి ఫిర్యాదు చేయనిది ఆ శుక్రవారాల్లోనే అని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మేడమ్ దగ్గరికి వెళ్ళి, వీలైనంత మెల్లగా చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఫ్యాను వేస్తే టేపులో ఫ్యానే వినపడుతుంది," అంది. "ఆయన ఈ పాట కోసం జీవితమంతా ఎదురుచూశారు. ఆయనకి ఫ్యాను మోత తీసుకెళ్ళి ఇవ్వమంటారా?"

నేను ఫోర్‌మన్‌ని. వాల్వు తిప్పమంటే తిప్పుతాను, ఆపమంటే ఆపుతాను. తలుపు సందులోంచి చీఫ్ తల కనపడి, "యల్లా! కానివ్వండి!" అని మాయమైంది. మేడమ్ చేతిలో ఫోర్కుని అటూ ఇటూ తిప్పుతూ కాసేపు ఆ తెల్లటి అద్దాల వైపే చూసింది.

"లేపండి," అంది.

ఫ్యాన్ రూముకి పరిగెత్తాను. "గిప్పుడే గదన్నా పండవెట్టినం! పసిపోరడా లేపుడు, పండవెట్టుడు?" అని తమ్ముడు గొణుగుతూనే స్విచ్చి వేశాడు. తాత బెల్టులు కీచుమన్నాయి. పెట్టె ఒకసారి ఒళ్ళు విరుచుకుంది. మూలుగు కింద నుంచి లేచి, పైకి వచ్చి, తన చోట తాను కూర్చుంది. 'మ్‌మ్‌మ్.'

నేను తిరిగి వచ్చేసరికి మేడమ్ జాలీ కింద నిలబడి ఉంది. అరచెయ్యి గోడకి ఆనించింది. చెవి ఆనించింది. తన గొంతులో ఆ మూలుగుని అందుకుని, రెండు స్థాయిలు పైన సన్నగా పాడి చూసుకుంది. మళ్ళీ విన్నది. మెల్లగా మా వైపు తిరిగింది.

"ఒడ్డు," అంది.

ఆవిడ తీసేసిన స్వరం. పెద్దాయన అడుగున రాసినది, ఎద్దు పాడాలని కడప డ్రైవరు చెప్పినది. వెంట్రుకవాసి తేడాలో తాత ఇన్నాళ్ళూ పాడుతున్నది అదే. రోజూ వినే మోతని ఎవరు పాట అనుకుంటారు? సంగీతం నేర్చినావిడా అనుకోలేదు, దాని నోరు మూయించడానికి జీతం తీసుకునే నేనూ అనుకోలేదు.

మేడమ్ ఫోర్కుని సంచిలో వేసేసింది. గోడ దగ్గరి నుంచే, ఆ మూలుగులోంచే, ఎవరి స్వరం వాళ్ళకి తీసి ఇచ్చింది. చెయ్యెత్తింది.

ఆ పాటని నేను వర్ణించలేను, నాకు రాదు. హాలు చుట్టూ తెల్లటి అద్దాలు. ఒక అమ్మాయి పిలిచింది. ఇంకోవైపు నుంచి ఎవరో పలికారు. ఎప్పుడూ అలాంటి మంచు చూడని మనీలా అమ్మాయిలూ కొట్టాయం క్యాషియర్లూ ఆ మంచులో ఒకరి వెనక ఒకరు నడుస్తున్నట్టే ఉంది. ఎవరూ జాలీ వైపు చూడలేదు. అవసరం లేకపోయింది. చివరి పిలుపు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. తాత ఒక్కడే మిగిలాడు. మేడమ్ చెయ్యి దించలేదు. రికార్డరు కుర్రాడు కూడా టేపు ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు.

తలుపు దగ్గర చీఫ్ పూలవాళ్ళని రెండు చేతులూ చాపి ఆపి ఉంచాడు.

మేడమ్ వెళ్ళిపోయింది. వేసవంతా లాబీ పియానో మీద బట్ట కప్పి ఉంది. తిరిగి వచ్చింది ఎండలు తగ్గాక. లగేజీ గదిలో పెట్టకుండానే ఫ్యాన్ రూముకి వచ్చింది. అక్కడ మేం ముగ్గురం, నేనూ, కరీంనగర్ తమ్ముడూ, శుక్రవారం కాబట్టి కడప డ్రైవరూ, టీ తాగుతున్నాం. ఆవిడ బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. ఆవిడ చెప్పేది నేను తెలుగులో మావాళ్ళకి చెబుతూ వచ్చాను.

పెద్దాయన బతికే ఉన్నారు. వేసవిలోనూ ఆయనకి చలేనట, వెచ్చగా ఉంటుందని మంచం వంటింట్లోనే వేశారు. మేడమ్ టేపు రికార్డరు బల్లమీద పెట్టి మీట నొక్కింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. పాట అయ్యేదాకా వేలైనా కదపలేదు. నిద్రపోయారనుకుంది. పాట అయ్యాక కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట ఆడవాళ్ళ గొంతుల గురించి కాదు.

"అడుగున పాడినవాడెవరు? ఎక్కడా ఊపిరి తీసుకోలేదు."

"మీరేం చెప్పారు?" అన్నాను.

"అబద్ధం చెప్పలేదు. దోహాలో ఒక హోటల్లో పనిచేస్తాడు, వయసైపోయింది, పొద్దస్తమానం సణుగుతుంటాడు అన్నాను. నవ్వారు. 'అంత కిందికి పాడేవాళ్ళందరూ సణుగుతారు. నా బాయిలరు వాళ్ళూ అంతే' అన్నారు."

కడప డ్రైవరు టీగ్లాసు కింద పెట్టి, "సూడున్నా, ఇన్నాళ్ళు పాడింది మేము, పేరు మాత్రం తాతకి!" అన్నాడు.

మేడమ్ నవ్వి, తాత వైపు తిరిగింది. "ఇంకొకటి ఉంది," అంది.

టేపు చివరికి వచ్చి టక్కున ఆగిందట. ఆవిడ రికార్డరు తీయబోతే పెద్దాయన చెయ్యి ఎత్తారు. "ఆగు. ఇంకా పాడుతున్నాడు."

ఆవిడా విన్నది. నిజమే, ఆ స్వరం ఇంకా ఉంది. అదే ఎత్తు, ఇంచుమించు అదే. మంచం పక్కన, మూలలో, పాత ఫ్రిజ్ మూలుగుతోంది. వాళ్ళ కరెంటు వేగమూ మన కరెంటు వేగమే.

"ఆయనకి చెప్పారా, అది ఫ్రిజ్ అని?"

"చెబుదామని లేచాను," అంది మేడమ్. "ఆయన వింటున్నారు. మళ్ళీ కూర్చున్నాను."

ఆ చలికాలంలో పెద్దాయన పోయారని తర్వాత తెలిసింది. ఆ టేపుని వాళ్ళ ఊళ్ళో ఒకరి నుంచి ఒకరు తీసుకుని కాపీలు చేసుకున్నారనీ, ఆయన దగ్గర నేర్చుకుని తలోదిక్కూ పోయిన పిల్లలు కొందరు ఒకచోట చేరి నాలుగు వరసలూ పాడారనీ కూడా మేడమ్ చెప్పింది. వాళ్ళలో లోతైన గొంతువాళ్ళు ఉన్నారు, ఫ్యాను అవసరం రాలేదట.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు మాత్రం ఆవిడ పైకి వెళ్ళాక మేం ముగ్గురం చల్లారిన టీలు తాగుతూ కూర్చున్నాం. తాత తన మానాన తాను 'మ్‌మ్‌మ్' అంటున్నాడు. చివరికి కరీంనగర్ తమ్ముడు లేచి గ్రీజు డబ్బా అందుకున్నాడు.

"మొన్ననే పెట్టాం కదా," అన్నాను.

"ఉండనీ అన్నా," అని పెట్టె తలుపు తీసుకుని లోపలికి పోయాడు.